తల్లి ఎప్పుడూ తన జాతి పిల్లనే కంటుంది కదా, మరి కొత్త జాతి పుట్టేది ఎప్పుడు?

నీలిగువ్వ:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా తేలని ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

కుక్క కడుపున కుక్కపిల్లే పుడుతుంది, పిచ్చుక గుడ్డులోంచి పిచ్చుకే వస్తుంది. తల్లిది ఒక జాతి, పిల్లది ఇంకో జాతి కావడం ఏ తరంలోనూ ఉండదు. ఇప్పుడు ఈ పిచ్చుక నుంచి తల్లి, ఆ తల్లికి తల్లి అంటూ వెనక్కి వెళ్లండి. ప్రతి మెట్టులోనూ ఇద్దరూ ఒకే జాతి. అయినా కొన్ని కోట్ల తరాలు వెనక్కి పోతే అక్కడ కనిపించేది పిచ్చుక కాదు, ఈకలున్న డైనోసార్. మరి గీత ఎక్కడ పడింది?

ఇంకో చిక్కు. ఎక్కడో ఒకచోట కొత్త జాతికి చెందిన మొట్టమొదటి జీవి పుట్టిందనుకుందాం. దానికి జోడీ ఎవరు? పుస్తకాల్లో "లక్షల ఏళ్లలో నెమ్మదిగా" అని ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆ నెమ్మదిలో అసలు ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి. ఎంత పొడుగైనా చదువుతాను.

సుధ_జంతుశాస్త్రం:

నీలిగువ్వ గారూ, మీ రెండో చిక్కు నుంచి మొదలుపెడతాను. అది విడితే మొదటిది సగం విడిపోతుంది.

మొట్టమొదటి జీవి అంటూ ఉండదండీ. మారేది ఒక జీవి కాదు, ఒక జనాభా. మొజాంబిక్‌లోని గొరోంగోసా ఏనుగుల సంగతి చూడండి. అక్కడ 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం జరిగింది. దంతాల కోసం చంపీ చంపీ ఏనుగుల్లో 90 శాతానికి పైగా తుడిచిపెట్టేశారు. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికీ దంతాలుంటాయి, కొన్నిటికి మాత్రం పుట్టుకతోనే ఉండవు. యుద్ధానికి ముందు దంతాల్లేని ఆడ ఏనుగులు 18.5 శాతం ఉంటే తర్వాత 50.9 శాతమయ్యాయి. యుద్ధం ముగిశాక పుట్టిన ఆడపిల్లల్లో కూడా దాదాపు మూడో వంతుకు దంతాలు రాలేదు.

ఇందులో ఏ ఏనుగూ మారలేదు. దంతాలున్నది దంతాలతోనే చచ్చిపోయింది, లేనిది లేకుండానే బతికింది. మారింది జనాభాలో ఆ జన్యువు వాటా. 2021లో వచ్చిన పరిశోధనలో ఇంకో విషయం తేలింది. ఈ మార్పు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడపిల్లకు వస్తే దంతాలు ఉండవు, మగపిల్లకు వస్తే కడుపులోనే పోతుంది. అంటే ఇంత నష్టం ఉన్న జన్యువు కూడా వేటగాళ్ల వల్ల పెరిగింది. ప్రకృతి వరణం "మంచి" జన్యువును వెతికి పెట్టదు. ఆ సమయానికి ఏది ఎక్కువ పిల్లల్ని మిగిలిస్తే అది పెరుగుతుంది, అంతే.

కొత్త జాతి కావాలంటే ఇది చాలదు. ఒక జనాభా రెండుగా విడిపోవాలి, రెండింటి మధ్య జన్యువుల రాకపోకలు ఆగాలి. ఆ తర్వాత ఏ వైపు మార్పులు ఆ వైపే పోగుపడతాయి.

లెక్కలమాష్టారు:

సుధమ్మ చెప్పినదానికి లెక్క వైపు నుంచి కొంచెం కలుపుతాను. ఎందుకంటే చాలామంది పరిణామం అంటే వరణం ఒక్కటే అనుకుంటారు.

1908లో ఇంగ్లండ్‌లో హార్డీ అనే గణితవేత్త, జర్మనీలో వైన్‌బర్గ్ అనే డాక్టరు వేర్వేరుగా ఒకే విషయం చూపించారు. జనాభా చాలా పెద్దదై, మ్యుటేషన్లు (అంటే జన్యువుల్లో కొత్తగా వచ్చే మార్పులు) లేక, వలసలు లేక, వరణం లేక, జోడీలు యాదృచ్ఛికంగా కుదిరితే జన్యువుల వాటాలు తరతరాలకూ అలాగే ఉండిపోతాయి. అందులో దాగిన ముక్క "చాలా పెద్దదై" అన్నది. నిజంలో ఏ జనాభా కూడా అనంతం కాదు. చిన్న జనాభాలో ఎవరి జన్యువు తర్వాతి తరానికి చేరుతుందన్నది చాలావరకు అదృష్టం. దీన్నే జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు.

లాభమూ నష్టమూ లేని కొత్త మ్యుటేషన్ ఒకటి పుట్టిందనుకోండి. జనాభాలో N జీవులుంటే ఆ జన్యువుకు 2N ప్రతులుంటాయి. ఈ కొత్త ప్రతి చివరికి అందరిలోనూ నిండిపోయే అవకాశం 2Nలో ఒకటి. 50 జీవులుంటే వందకు ఒకటి. 50 లక్షలుంటే కోటికి ఒకటి. దీవి మీద చిక్కుకున్న చిన్న గుంపు త్వరగా వేరే దారి పట్టడానికి ఇదీ ఒక కారణం.

పసిఫిక్‌లో పింగెలాప్ అని ఒక చిన్న దీవి ఉంది. 1775 ప్రాంతంలో తుఫాను వచ్చి దాదాపు ఇరవై మందే మిగిలారు. వాళ్లలో ఒకరి దగ్గర రంగులు అసలే కనబడకుండా చేసే జన్యువు ఉంది. మిగతా ప్రపంచంలో చాలా అరుదైన ఈ లోపం ఇప్పుడు ఆ దీవివాళ్లలో 5 నుంచి 10 శాతం మందికి ఉంది. దానివల్ల ఎవరికీ ఏ లాభమూ లేదు. తుఫానులో ఎవరు మిగిలారన్నదే లెక్క.

దీనికి ఎదురు పనిచేసేది వలస. స్యూవల్ రైట్ అనే జన్యుశాస్త్రవేత్త లెక్క ప్రకారం రెండు జనాభాల మధ్య తరానికి ఒకటి రెండు జీవులు అటూ ఇటూ వెళ్లి పిల్లల్ని కన్నా చాలు, డ్రిఫ్ట్ వల్ల అవి పూర్తిగా విడిపోకుండా ఆగుతాయి. అంత తక్కువ రాకపోక సరిపోవడం నాకు మొదటిసారి చదివినప్పుడు నమ్మశక్యం కాలేదు.

రాతిబొమ్మ:

అందరూ బాగా రాశారు కానీ నా అభ్యంతరం ఒకటుంది. ఏనుగు ఏనుగుగానే ఉంది, మనిషి మనిషిగానే ఉన్నాడు. ఇవన్నీ జాతి లోపలి మార్పులు. లెన్‌స్కీ అనే శాస్త్రవేత్త 1988లో మొదలుపెట్టిన ప్రయోగంలో ఈ. కోలై అనే బాక్టీరియాను వేల తరాల పాటు పెంచారు, మధ్యలో ఒక ఫ్లాస్కులోవి అంతకుముందు తినలేని సిట్రేట్ అనే పదార్థాన్ని తినడం నేర్చుకున్నాయి, సరే. అవి ఇప్పటికీ ఈ. కోలైయే కదా. కొత్త జాతి పుట్టడం ఎవరైనా చూశారా? "జరిగి ఉండాలి" అని కాదు, చూశారా అని అడుగుతున్నాను.

గడ్డిపువ్వు:

చూశారండీ. మొక్కల్లో చూశారు, పేరు కూడా పెట్టారు.

అమెరికాలో వాషింగ్టన్, ఐడహో రాష్ట్రాలు కలిసే చోట ట్రాగోపోగన్ అనే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) చెందిన మూడు జాతులు ఉన్నాయి. చామంతి కుటుంబం. మూడూ యూరప్ నుంచి 20వ శతాబ్దం మొదట్లో అక్కడికి చేరినవే. ఒక్కోదానికి 12 క్రోమోజోములు. పక్కపక్కన పెరిగి సంకరం అవుతాయి, కానీ ఆ సంకరం మొక్కకు విత్తనాలు సరిగా పట్టవు. తల్లి ఇచ్చిన 6 క్రోమోజోములూ తండ్రి ఇచ్చిన 6 క్రోమోజోములూ జతకట్టలేవు కాబట్టి పుప్పొడి చెడిపోతుంది.

అయితే అప్పుడప్పుడు కణవిభజనలో పొరపాటు జరిగి క్రోమోజోములన్నీ రెట్టింపవుతాయి. 12 కాస్తా 24 అవుతాయి. ఇప్పుడు ప్రతి క్రోమోజోముకూ అచ్చం తనలాంటి జోడీ ఉంది. పుప్పొడి బాగుంటుంది, విత్తనాలు పడతాయి. అదే మొక్కను తల్లిదండ్రుల జాతితో కలిపితే వచ్చే పిల్లకు 18 క్రోమోజోములు, మళ్లీ జత కుదరదు. అంటే తనలో తాను పండుతుంది, కన్నవాళ్లతో పండదు. ఇంతకంటే స్పష్టంగా వేరు జాతి ఎలా ఉంటుంది? 1950లో ఓన్‌బీ అనే వృక్షశాస్త్రవేత్త ఇలాంటివి రెండు కనిపెట్టి ట్రాగోపోగన్ మైరస్, ట్రాగోపోగన్ మిసెల్లస్ అని పేర్లు పెట్టారు. 1900కు ముందు అక్కడ వాటి తల్లిదండ్రులే లేవు.

నీలిగువ్వ గారూ, మీ ప్రశ్నకు సుధ గారి జవాబు జంతువులకు సరిపోతుంది గానీ మొక్కల్లో మొట్టమొదటి జీవి నిజంగానే ఉంటుంది. జోడీ ఎవరంటే, తనే. ఒకే పువ్వులో రెండు భాగాలూ ఉంటాయి కదా. పైగా ఈ రెండు జాతులూ ఒక్కసారి కాదు, వేర్వేరు ఊళ్లలో విడివిడిగా చాలాసార్లు పుట్టాయని డీఎన్ఏ చూసి తేల్చారు. ఒకే జాతి పదిసార్లు పుట్టడం నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

గోధుమ కూడా ఇలా వచ్చిందే. 28 క్రోమోజోముల గోధుమకూ 14 క్రోమోజోముల ఒక అడవి గడ్డికీ సంకరం జరిగి 42 క్రోమోజోముల మొక్క అయింది.

పక్షిప్రేమి:

రాతిబొమ్మ గారూ, జంతువుల్లో కావాలంటే గాలాపగోస్‌లోని డాఫ్నీ మేజర్ దీవికి వెళ్లాలి. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి అక్కడి ఫించ్ పిట్టల్ని పట్టి, కొలిచి, కాళ్లకు రింగులు వేసి, ఎవరి పిల్లలు ఎవరో రాసుకుంటూ వచ్చారు. 1977 కరువులో చిన్న గింజలు అయిపోయి గట్టి గింజలే మిగిలాయి. పెద్ద ముక్కున్నవి ఎక్కువగా బతికాయి, తర్వాతి తరం ముక్కు సగటున మందమైంది. ఇది మీరన్న జాతి లోపలి మార్పే.

అసలు కథ 1981లో మొదలైంది. వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎస్పన్యోలా దీవి నుంచి ఒక పెద్ద మగపిట్ట ఇక్కడికి వచ్చిపడింది. అది వేరే జాతి. స్థానిక ఆడపిట్టతో జతకట్టింది. పిల్లలు పుట్టాయి. ఫించ్‌లలో మగపిల్ల తండ్రి పాట విని నేర్చుకుంటుంది, ఆడది పాటనూ ముక్కునూ చూసి జోడీని ఎంచుకుంటుంది. ఈ వంశంవాళ్ల పాట వేరు, ముక్కు వేరు. స్థానికులు వీటిని పట్టించుకోలేదు. రెండో తరం నుంచి తమలో తామే జతకట్టడం మొదలైంది. మధ్యలో ఒక కరువుకు ఒక అన్న, ఒక చెల్లెలు మాత్రమే మిగిలారు. అక్కడి నుంచి మళ్లీ పెరిగి సుమారు 30 పిట్టలయ్యాయి. 2017లో జన్యు పరిశీలనతో సహా ప్రచురించారు.

మొదటి పిట్ట వచ్చిన రోజు నుంచీ ప్రతి జోడీనీ మనుషులు కళ్లారా చూసి రాసుకున్నారండీ. గ్రాంట్ దంపతులు మాత్రం దానికి కొత్త జాతి పేరు పెట్టలేదు. ఆ సంయమనం నాకు నచ్చింది.

రాతిబొమ్మ:

మొక్కల ఉదాహరణ ఒప్పుకుంటాను. పిట్టల దగ్గర ఆగుతాను. ఆ 30 పిట్టలు స్థానికులతో జతకట్టడం లేదు సరే, కట్టిస్తే పిల్లలు పుడతాయి కదా? మొట్టమొదట పుట్టాయి కాబట్టే ఆ వంశం ఉంది. ధ్రువపు ఎలుగుబంటికీ గ్రిజ్లీకీ పుట్టిన సంకరం 2006లో అడవిలోనే దొరికింది. ఇలా కలిసేవాటిని వేరు జాతులు అని ఎందుకనాలి?

సుధ_జంతుశాస్త్రం:

చాలా మంచి ప్రశ్న. 1942లో ఎర్నెస్ట్ మేయర్ అనే జీవశాస్త్రవేత్త జాతికి ఒక నిర్వచనం ఇచ్చాడు: ప్రకృతిలో తమలో తాము జతకడుతూ, ఇతర గుంపులతో కలవకుండా విడిగా ఉండే జనాభాలే ఒక జాతి. అందులో "ప్రకృతిలో" అన్నది ముఖ్యం. పంజరంలో పెట్టి కలిపితే కలుస్తాయా అని కాదు, వదిలేస్తే జన్యువులు కలిసిపోతాయా అని. అడ్డంకి శరీరంలోనే ఉండాలని లేదు. కాలంలో ఉండొచ్చు, చోటులో ఉండొచ్చు, ఇష్టంలో ఉండొచ్చు.

అమెరికాలో ఒక ఈగ ఉంది, రాగోలెటిస్ పోమోనెల్లా. అక్కడి హాథార్న్ అనే చెట్టు పండ్లలో గుడ్లు పెట్టేది. వలస వచ్చినవాళ్లు యాపిల్ చెట్లు తెచ్చి నాటారు. 19వ శతాబ్దం మధ్యకల్లా కొన్ని ఈగలు యాపిల్‌కు మారాయి. ఈ ఈగలు జతకట్టేది పండు మీదనే. యాపిల్ మూడు నాలుగు వారాలు ముందు పండుతుంది, ఈగ బతికేది నెల రోజులు. ఇంకేముంది, యాపిల్ ఈగ బయటికొచ్చే వేళకు హాథార్న్ ఈగలు చాలావరకు నేలలో ప్యూపా దశలోనే ఉంటాయి. మధ్యలో కొండ లేదు, నది లేదు, ఒకే తోట. కొద్దిగా కలయిక ఇప్పటికీ ఉంది, కాబట్టి ఇవి సగం దారిలో ఉన్నాయనాలి. వీటి లార్వాలో గుడ్లు పెట్టే ఒక కందిరీగ కూడా వీటి వెనకే రెండుగా విడిపోతోంది.

అడ్డంకి ఇష్టంలో మాత్రమే ఉంటే అది తొలగిపోవచ్చు కూడా. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో సుమారు 500 జాతుల సిక్లిడ్ చేపలు పుట్టాయి. ఆడచేప మగచేప రంగు చూసి ఎంచుకుంటుంది. మనుషుల వల్ల నీళ్లు మురికైన చోట రంగులు కనబడక దగ్గరి జాతులు కలిసిపోతున్నాయని 1997లో ఓలే సీహౌసెన్ బృందం చూపించింది. పుట్టిన జాతులు మళ్లీ ఒకటైపోవడం. దీని గురించి చదివినప్పుడల్లా బాధేస్తుంది. ఒక్క చేపనూ చంపకుండానే జాతులు పోతాయి.

నీలిగువ్వ:

ఇప్పుడు నాకు కొత్త అనుమానం. ఇష్టం, కాలం అర్థమయ్యాయి. కానీ కంచరగాడిదలా పిల్లలు పుట్టని సంకరం ఎలా వస్తుంది? పిల్లలు పుట్టకపోవడం ఎవరికీ లాభం కాదు కదా. ప్రకృతి వరణం దాన్ని ఎలా పెంచుతుంది?

సుధ_జంతుశాస్త్రం:

డార్విన్‌ను కూడా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇది. జవాబు: వరణం దాన్ని పెంచదు. అది పక్కదారిన వచ్చి పడుతుంది. 1930, 40లలో డాబ్జాన్‌స్కీ, ముల్లర్ అనే జన్యుశాస్త్రవేత్తలు వివరించారు, బేట్సన్ అనే ఇంకో జన్యుశాస్త్రవేత్త 1909లోనే అన్నాడు. కొంచెం నిదానంగా చదవండి.

ఒక జనాభాలో రెండు జన్యువులు కలిసి ఒక పని చేస్తున్నాయి. మొదటిది ఒకటో రకం, రెండోది కూడా ఒకటో రకం. జనాభా రెండుగా విడిపోయింది. తూర్పు వైపు మొదటి జన్యువు మారి కొత్త రకం వచ్చింది. అది పాత రెండో జన్యువుతో బాగానే పనిచేసింది కాబట్టి నిండిపోయింది. పడమర వైపు మొదటి జన్యువు అలాగే ఉంది, రెండోది మారింది. అదీ పాత మొదటి జన్యువుతో బాగానే పనిచేసింది, నిండిపోయింది. ఏ వైపూ ఏ తరంలోనూ ఎవరికీ నష్టం జరగలేదు.

ఇప్పుడు తూర్పూ పడమరా కలిస్తే సంకరం పిల్లలో కొత్త మొదటి జన్యువు, కొత్త రెండో జన్యువు ఒకచోట చేరతాయి. ఈ రెండూ అంతకుముందు ఏ శరీరంలోనూ కలవలేదు. కలిసి పనిచేస్తాయా లేదా అని ప్రకృతి ఎప్పుడూ పరీక్షించలేదు. పనిచేయకపోతే పిల్ల చచ్చిపోతుంది, లేదా వంధ్యమవుతుంది.

అక్వేరియంలో పెంచే ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ చేపల్లో దీన్ని కళ్లతో చూడొచ్చు. ప్లాటీలో నల్ల మచ్చలు తెచ్చే జన్యువు ఉంది, దాన్ని అదుపులో పెట్టే ఇంకో జన్యువూ ఉంది. సంకరాన్ని మళ్లీ స్వోర్డ్‌టెయిల్‌తో కలిపితే కొన్ని పిల్లలకు మచ్చల జన్యువు వస్తుంది, అదుపు చేసేది రాదు. ఆ మచ్చలు క్యాన్సర్ అవుతాయి.

ఇలాంటి జతలు కాలం గడిచేకొద్దీ పెరుగుతాయి. ఎన్ని మార్పులు పోగుపడితే వాటి మధ్య పడని జంటలకు అవకాశం అంతకంటే వేగంగా పెరుగుతుంది. 1922లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త ఇంకో సంగతి గమనించాడు, దాన్ని హాల్డేన్ నియమం అంటారు. సంకరంలో ఒక లింగమే దెబ్బతింటే అది చాలావరకు రెండు వేర్వేరు లైంగిక క్రోమోజోములున్న లింగమే. క్షీరదాల్లో మగ, పక్షుల్లో ఆడ.

లెక్కలమాష్టారు:

నీలిగువ్వా, ఇప్పుడు నీ మొదటి ప్రశ్నకు రా. నువ్వు తల్లుల గొలుసు వెంట నిలువుగా వెనక్కి వెళుతున్నావు. ఆ గొలుసులో గీత లేదు, వెతికినా దొరకదు. జాతి అనేది అడ్డంగా చూడాల్సిన విషయం. ఒకే కాలంలో బతికున్న రెండు జనాభాలు జన్యువులు పంచుకుంటున్నాయా లేదా అన్నదే ప్రశ్న. ఒక్క జీవిని చేతిలో పట్టుకుని "ఇది కొత్త జాతా" అని అడిగితే జవాబుండదు. రెండు గుంపుల మధ్య సంబంధం గురించి అడిగితే ఉంటుంది. పూర్వీకులకు శిలాజశాస్త్రవేత్తలు పెట్టే పేర్లు మన సౌకర్యం కోసం, ఎక్కడో ఒకచోట ఆపాలి కాబట్టి.

చిరుగాలి:

చదువుతూనే ఉన్నాను, చేరడం ఇప్పుడే. మరి ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తల్ మనుషులు మన జాతేనా కాదా?

పక్షిప్రేమి:

సుధ గారు చెప్పేలోపు నాకు తెలిసింది. ఆఫ్రికా బయటి మూలాలున్న మనుషుల డీఎన్ఏలో ఇంచుమించు 2 శాతం నియాండర్తల్‌దని 2010 నుంచి తెలుసు. కాబట్టి పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకూ పిల్లలు పుట్టారు.

సుధ_జంతుశాస్త్రం:

అవును, అయితే ఆ 2 శాతం సమానంగా పరుచుకుని లేదు. ఎక్స్ క్రోమోజోమ్ మీద బాగా తక్కువ. వృషణాల్లో పనిచేసే జన్యువుల దగ్గరా తక్కువ. 2014లో వచ్చిన పరిశోధన దీన్ని బట్టి మగ సంకరాలకు సంతానం తగ్గి ఉండొచ్చని అంది. హాల్డేన్ చెప్పినదానికి సరిగ్గా సరిపోతుంది. ఐదారు లక్షల ఏళ్లు విడిగా ఉన్న రెండు జనాభాలు, విడిపోవడం పూర్తికాకముందే మళ్లీ కలిశాయి. కొంతమంది ఒకే జాతి అంటారు, కొంతమంది రెండంటారు. నా మట్టుకు సగం దారిలో ఉన్నవాళ్లను సగం దారిలో ఉన్నారనే అనాలి.

ఇప్పుడున్న మనుషులంతా మాత్రం నిస్సందేహంగా ఒకే జాతి. మన మధ్య జన్యువుల రాకపోకలు వేరు జాతులుగా విడిపోయేంతగా ఎప్పుడూ ఆగలేదు.

రాతిబొమ్మ:

సరే, ఒక కొత్త జాతికి ఎంతకాలం పడుతుంది? ఒక అంకె చెప్పండి.

గడ్డిపువ్వు:

మొక్కల్లో ఒక్క తరం చాలు, పైన చెప్పాను.

సుధ_జంతుశాస్త్రం:

ఒక్క అంకె లేదండీ. విక్టోరియా సరస్సు సుమారు 15,000 ఏళ్ల కిందట ఎండిపోయి మళ్లీ నిండింది, ఆ తర్వాతే అన్ని వందల జాతుల సిక్లిడ్లు వచ్చాయి. ఇంకో పక్క పనామా భూసంధి సుమారు 30 లక్షల ఏళ్ల కిందట లేచి రెండు సముద్రాలను వేరుచేసింది. అటూ ఇటూ చిక్కుకున్న చిటికె రొయ్యల్ని నాన్సీ నోల్టన్ బృందం ఒకే తొట్టిలో పెట్టి చూసింది. చాలా జంటలు కలవడానికి ఇష్టపడలేదు, కొన్ని మాత్రం అన్నేళ్ల తర్వాత కూడా పిల్లల్ని కన్నాయి.

మీరు అంకె కోసం కాకుండా అడ్డంకి కోసం వెతకాలంటే యూరప్‌లో బాంబినా కప్పల దగ్గరికి వెళ్లండి. పొట్ట ఎర్రగా ఉండే జాతి మైదానాల్లో, పసుపుగా ఉండేది కొండల్లో ఉంటుంది. రెండూ కలిసే చోట సంకరాలు పుడుతూనే ఉంటాయి. అయినా పోలండ్‌లో ఆ పట్టీ వెడల్పు సుమారు 6 కిలోమీటర్లే. వేల ఏళ్లుగా కలుస్తున్నా అది పెరగలేదు, ఎందుకంటే సంకరాల్లో చాలా గుడ్డు దశలోనో చిన్నప్పుడో పోతాయి. లాభం ఉన్న జన్యువు ఏదైనా ఉంటే ఆ పట్టీ దాటి వెళ్లగలదు, పడనివి అక్కడే ఆగిపోతాయి. ఏవి దాటాయి, ఏవి ఆగాయి అని ఇప్పుడు జీనోమ్ మొత్తం చదివి ముక్క ముక్కగా చూస్తున్నారు.

నీలిగువ్వ:

అంటే ఒకే జీవిలో కొన్ని జన్యువులకు అక్కడ సరిహద్దు ఉంది, కొన్నిటికి లేదు అన్నమాట. సుధ గారూ, ఆ ఆగిపోయేవి ఎక్స్ లాంటి లైంగిక క్రోమోజోముల మీదే ఎక్కువగా ఉంటాయా, లేక అన్నిటి మీదా ఉంటాయా?

సుధ_జంతుశాస్త్రం:

అన్నిటి మీదా ఉంటాయి, కానీ చాలా జంతువుల్లో లైంగిక క్రోమోజోముల మీద వాటాకు మించి ఉంటాయి. ఎక్స్ మీద దాగి ఉన్న లోపం మగ క్షీరదంలో బయటపడిపోతుంది, కప్పిపుచ్చడానికి రెండో ప్రతి ఉండదు కాబట్టి. హాల్డేన్ నియమానికి ఇది ఒక్కటే కారణం కాదు. మిగతా కారణాలు చాలా ఉన్నాయి, దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, వస్తాను.